సీలు ఇప్పని మంచు

ఎనుమాముల యార్డుల ఇరవై రెండేండ్లు
కాంటా గుమస్తాగ చేసిన.
బస్తాల చెయ్యి పెడితె చాలు
పత్తి ఎంత తేమ మీదున్నదో చెప్త.
దీపావళికే అమ్ముకొని తల వంచుకొని పోయినోన్ని చూసిన,
ఎండకాలం దాక ఆపి మీసం దువ్వినోన్ని చూసిన,
ఆపి ఆపి నిండ మునిగినోన్ని గూడ.
నాకేమో ఆపెతందుకు పత్తి లేదు, చెలక లేదు.
అందుకే బొమ్మలు కొన్న.

నవ్వకుండ్రి.
అరచెయ్యంత డబ్బాలు,
లోపల ఒకదానికొకటి అతికే ప్లాస్టిక్ పలుకులు.
మంచు కప్పిన ఇల్లు, ఎర్రటోపి క్రిస్మస్ తాత,
ఈస్టర్ కుందేలు, దయ్యాల పండుగ గుమ్మడికాయ,
చీనోళ్ల కొత్తేడు సింహం.
(బతుకమ్మది లేదు. అడిగిన.)
పండుగ ఎల్లిన తెల్లారి సగం ధరకే ఇస్తరు.
"కంపెనీ బంద్ చేసినంక చూడుండ్రి సార్,
మూడేండ్లల్ల మూడింతలు"
అన్నడు హన్మకొండ చౌరస్తల దుకాణపు పిలగాడు.
షరతు ఒక్కటే:
సీలు ఇప్పద్దు, డబ్బా మూల నలగద్దు.

అంటే, ఆడకుంటెనే బొమ్మకు ధర.
నాకు వింతగ అనిపియ్యలే.
రజిత పెండ్లిచీర గూడ గట్లనే ఉన్నది బీరువల,
మడత మీద మడత.

మే నెల. నలభై ఐదు డిగ్రీలు.
మంచం కింద నూట పదకొండు మంచు ఇండ్లు.
అట్టకు తేమ తగుల్తదని
కూలర్ మొఖం గోడ దిక్కు తిప్పిన.
చెమటల తడుసుకుంట రజిత అన్నది,
"మంచి చల్లగున్నది నీ యాపారం."

పక్కింటి యాకూబ్ వచ్చెటోడు, రెండో తరగతి.
ఒక డబ్బా చెవికాడ పెట్టుకొని ఊపెటోడు.
గలగల.
"ఒక్కటి ఇప్పు తాతా, ఒక్కటే."
"అది బొమ్మ గాదు బిడ్డా, సరుకు."
చేతులకెంచి గుంజుకొని
మూలలు సూసుకున్న.

నయీంనగర్ నాలా పొంగిన రాత్రి
రజిత ముందుగాల బియ్యం డబ్బ లేపింది,
తర్వాత పట్టా కాయితాలు, తర్వాత కుక్కపిల్ల.
నేను మోకాళ్ల మంటి నీళ్లల్ల
మంచం కింద చేతులు పెట్టి
దేవులాడుకుంట కూసున్న.
దొరికిన మొదటి డబ్బను ఒత్తి సూసిన.
ఇరవై రెండేండ్ల అలవాటు, నోట్లకెంచి అదే వచ్చింది:
"ఈ సరుకు పాసు గాదు."

తెల్లారేసరికి అట్టలన్ని అంబలి.
పలుకులకు మాత్రం ఏం గాలే.
బురద కడిగితె
నిన్ననే అచ్చుల నుంచి ఊడినట్టు మెరిసినయ్.
ధర అంత అట్టల ఉండె.
అట్ట నాలాల పోయింది.

మిరపకాయలు ఎండబోసినట్టు
డాబా మీద చెద్దరేసి పోసినం.
రజిత చాటల చెరుగుకుంట
తెల్లయి ఒక కుప్ప, ఎర్రయి ఒక కుప్ప చేసింది.
యాకూబ్ వచ్చిండు. ఈసారి అడుగలే.
ఎట్ల కట్టాల్నో చెప్పే కాయితాలు సుత నీళ్లల్ల పోయె,
కుందేలు నెత్తిమీద తాత టోపి వడ్డది,
మంచు ఇంటి తలుపు గుమ్మడికాయకు అతికింది.
పొద్దు గూకేదాక వాడు ఏదో కట్టుకుంటనే ఉన్నడు.
"ఏందిరా అది?"
"ఇంక తెల్వది తాతా."

పట్టీ బుక్కుల నూటపది వరుసలు కొట్టేసిన.
ఒకటి మిగిలింది.
బీరువ మీద పెట్టి మర్చిపోయిన డబ్బా,
జింకలు గుంజే బండి. సీలు ఉన్నది, మూలలున్నయ్.
దాని ధర దినాం సూస్త.
మొన్నటికి ఇంకో రెండు వందలు పెరిగింది.

అప్పుడప్పుడు రజిత స్టూలెక్కి దాన్ని దించుతది.
నేను నిద్రపోయిన్ననుకొని
చెవికాడ పెట్టుకొని
మెల్లగ ఊపుతది.